ఎదురుగాలిలో ముందున్నవాడు

మా సైకిల్ క్లబ్బులో ఎవరూ "ఇక రాను" అని చెప్పరు. చెప్పకూడదని నియమమేమీ లేదు. టీ కొట్టులో అన్న మాట పక్క బల్ల దాకా వెళుతుంది, అక్కడి నుంచి ఎక్కడిదాకా వెళుతుందో తెలియదు. బర్మాలో సైన్యం గద్దెనెక్కాక, కొన్నేళ్లుగా ఈ ఊళ్లో జనం చెప్పకుండా వెళ్లిపోవడం నేర్చుకున్నారు. మావాళ్లు మాత్రం నోరు విప్పకుండా చెప్పే పద్ధతి ఒకటి పెట్టుకున్నారు. ఆ పద్ధతి వల్లే మా తమ్ముడు నాకు కాకుండా పోయాడు.

ఆదివారం తెల్లవారుతూండగా సంచౌంగ్‌లో ఇంకా తలుపు తీయని ఒక టీ కొట్టు ముందు కలుసుకుంటాం. అక్కడి నుంచి ఉత్తరంగా విమానాశ్రయం దాటి, మింగళాడోన్ దాటి, ఊరి పొలిమేరలో ఉన్న టౌక్చాన్ దాకా తొక్కుతాం. అక్కడ మొహింగా, అంటే చేపల పులుసు పోసిన సన్న సేమ్యా, గిన్నెడు తిని, టీ తాగి వెనక్కి వస్తాం. మోటారు సైకిళ్లను ఊళ్లోకి రానివ్వరు కాబట్టి ఆ వేళప్పుడు రోడ్డు మాదే. ఒకప్పుడు ఇరవై మందికి పైగా ఉండేవాళ్లం. పెట్రోలు దొరకని రోజుల్లో ఇంకా పెరిగాం. తర్వాత తగ్గడం మొదలైంది.

నేను చేరింది నలభై దాటాక. లమ్మడాలో దారాలు, బొత్తాలు, జిప్పులు టోకున అమ్మే కొట్టులో నా ఉద్యోగం. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒకే స్టూలు మీద కూర్చుని కూర్చుని మోకాళ్లు పట్టేశాయి. మేముండేది నాలుగో అంతస్తు. రోజూ మెట్ల దగ్గర నా మూలుగు విని విసుగెత్తి, మా తమ్ముడు జపాన్ నుంచి దిగిన పాత రోడ్డు సైకిల్ ఒకటి ఎక్కడో బేరమాడి తెచ్చాడు. ఆ ఇరుకు మెట్ల మీద దాన్ని భుజాన వేసుకుని పైకెక్కి, సరాసరి వంటింటి గుమ్మానికి ఆనించాడు.

"ఏటిరా ఇది?" అన్నాను.

"నీ మోకాళ్లకి మందక్కా. ఆదివారం నుంచి నువ్వూ నాతో వొస్తన్నావు."

"నా వయసేటి, నా వొళ్లేటి. ఆ బిగుతు లాగు ఏసుకుని వీదిలోకి దిగితే మన కోవెల్లో నాకు పెసాదం కూడా ఎట్టరు."

"లాగు మీద లుంగీ కట్టుకో. చైన్లో సిక్కుకుని పడ్డాక ఇప్పేద్దువు గాని."

వాడన్నట్టే అయింది. రెండో ఆదివారమే లుంగీ చైన్లో చిక్కుకుని ఇన్యా సరస్సు గట్టున పడ్డాను. లేపకుండా వాడు నవ్వుతూ నిలబడ్డాడు. నాకు తెలుగులో వచ్చిన తిట్లన్నీ తిట్టాను. చుట్టూ ఉన్నవాళ్లంతా బర్మావాళ్లు, ఒక్క ముక్క అర్థం కాలేదు. దెబ్బ తగిలినప్పుడు మా దేవుడికి చదివే మంత్రమేమో అనుకున్నారట.

ఆ తిట్లు అర్థం చేసుకునే మనిషి ఈ ఊళ్లో నాకు వాడొక్కడే. మా ముత్తాత శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చి ఇక్కడి రేవులో బియ్యం బస్తాలు మోశాడు. అమ్మ పోయేనాటికి వాడు చిన్నపిల్లాడు, నేను పెంచాను. అమ్మ మాట్లాడిన తెలుగే వాడితో మాట్లాడాను. కోవెల్లో సాయంత్రం పూట తెలుగు బడి పెట్టేవాళ్లు. నేను కూర్చుని అక్షరాలు నేర్చుకున్నాను, వాడు గోడ దూకి పారిపోయాడు. అందుకే వాడికి మాట వచ్చు, చదవడం రాదు. తెలుగువాళ్లు ఇక్కడ ఇంకా ఉన్నారు. పండగలకి కనబడతారు, నమస్కారం పెడతారు, తర్వాత బర్మీస్‌లోకి వెళ్లిపోతారు. పొయ్యి దగ్గర నేను తెలుగులో సణుక్కుంటే పక్క గదిలోంచి జవాబు చెప్పేది మాత్రం మా తమ్ముడే. నాకు పెళ్లి కాలేదు, వాడు చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదంటే నీలాంటి ఆడబిడ్డ ఉన్న ఇంటికి ఎవరొస్తారు అనేవాడు.

ఇప్పుడు ఆ పద్ధతి సంగతి. రోడ్డు సైకిళ్ల గుంపులో ముందున్నవాడిదే కష్టమంతా. గాలిని వాడు కోసుకుంటూ వెళితే, వెనకవాళ్లు వాడి చక్రాన్ని అంటిపెట్టుకుని సుఖంగా తొక్కుతారు. అందుకని వంతులుంటాయి. కాసేపు ముందుండి, అలుపు రాగానే మోచెయ్యి ఒకసారి ఆడించి, పక్కకు తప్పుకుని వరస చివరికి జారిపోవాలి. వెనకున్నవాడు ముందుకొస్తాడు. వానాకాలంలో గాలి సముద్రం వైపు నుంచి వీస్తుంది కాబట్టి మాకు తిరుగుదారంతా ఎదురుగాలే. అప్పుడు ఎంత గట్టివాడైనా ఎక్కువసేపు ముందు నిలవలేడు.

అలాంటి ఒక వానాకాలంలో, మాలో ఉన్న ఒక ఇంజనీరు టౌక్చాన్‌లో టీ తాగి లేచి ముందుకెళ్లాడు. ఎంతసేపైనా మోచెయ్యి ఆడించలేదు. ఎవరో పక్కనుంచి దాటబోతే చేత్తో వద్దన్నాడు. ఇన్యా సరస్సు దాకా ఒక్కడే గాలంతా తిన్నాడు. సైకిల్ దిగి మాట్లాడకుండా అందరితో చేతులు కలిపి వెళ్లాడు. మరుసటి ఆదివారం రాలేదు. సరిహద్దు దాటాడని చాలాకాలం తర్వాత తెలిసింది. ఇంకొన్ని వారాలకు ఒక నర్సు అలాగే చేసింది. బక్కపలచటి మనిషి, ఏడుస్తూ తొక్కింది, చోటు మాత్రం ఇవ్వలేదు. ఆ తర్వాత అది మా పద్ధతయిపోయింది. వెళ్లిపోయేవాళ్లు తిరుగుదారంతా ముందుంటారు. వెనకవాళ్లు వాళ్లను దాటరు, ఎందుకని అడగరు, దిగాక ఒకసారి భుజం తడతారు.

మా గుంపుకి పెద్ద ఒక రిటైరైన లెక్కల మాస్టారు. అందరం ఆయన్ని సయా అంటాం, బర్మీస్‌లో అయ్యవారు అని. ఆయన చేతిమీదుగా ఎంతమంది అలా వెళ్లారో ఆయనకే తెలియాలి. ఒక్కొక్కరు వెళ్లినప్పుడల్లా ఆయన మరుసటి ఆదివారం కాస్త ఆలస్యంగా వచ్చేవాడు. ఆ సంగతి మేమెవరం ఎత్తేవాళ్లం కాదు.

మగపిల్లల్ని సైన్యంలోకి బలవంతాన తీసుకోవడం మొదలయ్యాక మా ఇంట్లో నవ్వులు తగ్గాయి. మా తమ్ముడికి ముప్ఫై రెండు. వాళ్లడిగే వయసులోనే ఉన్నాడు. మింగళాడోన్ వైపు ఫ్యాక్టరీల్లో ఏసీలు, ఐసు మెషిన్లు బాగు చేసే పని వాడిది. కరెంటు రాక, వచ్చినా నిలవక మెషిన్లన్నీ పాడైపోతూంటే వాడికి తీరిక ఉండేది కాదు. వార్డు ఆఫీసు వాళ్లు రెండుసార్లు వచ్చి ఇంట్లో మగవాళ్లు ఎవరున్నారని అడిగారు. పనిచేసే చోటే పడుకుంటాడు, ఇంటికి రాడు అని చెప్పాను. అప్పుడు వాడు స్నానాల గదిలో నీళ్లు పోసుకోకుండా నిలబడి ఉన్నాడు. మా రెండో అంతస్తులో ఉండే అబ్బాయి పని నుంచి వస్తూ బస్టాపు దగ్గరే మాయమయ్యాడు. వాళ్లమ్మ ఇప్పుడు కూరగాయలకి కూడా కిందికి దిగదు. బాల్కనీలోంచి తాడుకి బుట్ట కట్టి దించుతుంది.

పోరా అని నేను అనలేకపోయాను. ఉండరా అని కూడా అనలేకపోయాను. ఆదివారం సైకిళ్లు మాత్రం మానలేదు. హెల్మెట్లు పెట్టుకుని గుంపుగా పోయే సైకిళ్లను దారిలో సైనికులు ఆపేవాళ్లు కాదు. అదొక్క పూటే వాడు తల ఎత్తుకుని తిరిగేవాడు. ఒకసారి అడిగాను, అందరూ పోతన్నారు కదా, నీకేటీ అనిపించదేటి అని.

"నానెల్తే నువ్వెవలి మీద అరుస్తావు," అన్నాడు.

ఆ మాట పట్టుకుని నేను చాలా రోజులు బతికాను. వాడు నాకోసం ఉంటున్నాడని నాకు తెలుసు. తెలిసీ వాణ్ణి ఉండనిచ్చాను.

ఆ ఆదివారం వాన పట్టి ఉంది. ఎనిమిది మందిమే వచ్చాం. టౌక్చాన్‌లో టీ దగ్గర వాడు మాట్లాడలేదు. గ్లాసు చేత్తో పట్టుకుని వీధిలోకి చూస్తూ కూర్చున్నాడు. మామూలుగా నా గిన్నెలో బజ్జీ ముక్క లాక్కుని తినేవాడు, ఆ రోజు అదీ లేదు. ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను. తిరిగి బయలుదేరాక విమానాశ్రయం రాకముందే వాడి వంతు వచ్చి ముందుకెళ్లాడు. వాన మొహాన కొడుతోంది. నేను వాడి వెనకే ఉన్నాను. కాసేపయింది. మోచెయ్యి ఆడించలేదు. ఇంకాసేపయింది. తల వంచుకుని, భుజాలు ముందుకు వేసి, ఎవరో తరుముతున్నట్టు తొక్కుతున్నాడు. నా వెనక గుంపు మాటలన్నీ ఆగిపోయాయి.

సయా పక్కనుంచి కొంచెం ముందుకొచ్చి నా మొహంలోకి చూశాడు. నేను ఆయన వైపు చూడలేదు. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. నిన్న రాత్రి నా చేతి పప్పుచారు మూడుసార్లు పోసుకుని తిని, ఈ మాట మాత్రం పరాయివాళ్లతోపాటు నాకూ వీపుతోనే చెబుతున్నాడా అని. చెయ్యి చాపితే అందేంత దగ్గరలో ఉంది ఆ వీపు. పిలవొచ్చు. తెలుగులో పిలిస్తే ఎవరికీ అర్థం కాదు. కానీ ఆ వరసలో ముందున్నవాణ్ణి పిలవకూడదు. అంతమంది విషయంలో ఆ మర్యాద పాటించి, నావాడి దగ్గరికి వచ్చేసరికి తప్పడం నాకు చేతకాలేదు.

ఇన్యా సరస్సు దగ్గర దిగాం. ఒక్కొక్కరే వచ్చి వాడి భుజం తట్టారు. బ్యాంకులో పనిచేసే అమ్మాయి ఒకతె ఉంది మాలో, వాడి చెయ్యి పట్టుకుని వదలడానికి చాలాసేపు పట్టింది. సయా తన వాన కోటు విప్పి వాడికి తొడిగాడు. వాడు తడిసి ముద్దయి, వగరుస్తూ, కృతజ్ఞతలు చెప్పి వేసుకున్నాడు. ఇంటికొచ్చేదాకా నేను మాట్లాడలేదు. ఏటైందక్కా అంటే తలనొప్పన్నాను. ఫ్యాక్టరీ నుంచి ఫోనొస్తే తిండి కూడా తినకుండా పనికి వెళ్లాడు.

వాడు గడప దాటగానే నేను మొదలుపెట్టాను. గోంగూర ఇక్కడివాళ్లకీ ప్రాణం, ఏ సందులో చూసినా దొరుకుతుంది. రెండు కట్టలు తెచ్చి పచ్చడి నూరి, నూనె పైకి తేలేలా వేయించి సీసాలో పెట్టాను. ఎండు చేపలు వేయించి పొట్లం కట్టాను. కందిపొడి కొట్టాను. రెండు లుంగీలు, మూడు చొక్కాలు, కడుపు నొప్పి మాత్రలు, అమ్మ చెవి దుద్దులు గుడ్డలో చుట్టి, వాడు రోజూ పనికి పట్టుకెళ్లేదీ, ఆ హడావుడిలో వదిలేసి వెళ్లిందీ అయిన నల్ల సంచీలోనే సర్దాను. ప్రతి వస్తువూ రెండుసార్లు తీసి మళ్లీ పెట్టాను. దారిలో బరువవుతుందని ఒకసారి, చాలదని ఒకసారి. పచ్చడి సీసా మూత చుట్టూ గుడ్డ బిగించి కట్టాను. సంచీ తీసుకెళ్లి తలుపు పక్కన పెట్టాను. చెప్పకుండా పోయేవాడికి అంతకంటే చెప్పేదేముంటుందిలే అనుకున్నాను.

మర్నాడు సాయంత్రం దాకా వాడు ఇంటికి రాలేదు. కొట్టులో నేను తెల్లదారం అడిగినవాళ్లకి నల్లదారం ఇచ్చాను. వెళ్లిపోయాడనుకున్నాను. చీకటిపడే వేళకి మెట్ల మీద వాడి అడుగులు వినబడ్డాయి. చెప్పులు విప్పుతూ సంచీ చూశాడు.

"ఇదేటి?"

"ఏటంటే. నీదే."

జిప్పు లాగాడు. పచ్చడి సీసా తీశాడు, చూశాడు, పెట్టాడు. చొక్కాలు చూశాడు. "నానెక్కడికెల్తన్నాను?"

"నన్నడుగుతావేటి? నిన్న ఊరు ఊరంతటికీ సెప్పినావు కదా. నాకొక్కదానికి నోటితో సెప్పలేకపోనావా? ఆల్లూ నానూ ఒకటేనేటి నీకు?"

వాడు నా మొహం చూశాడు. తర్వాత వాడికి అర్థమయింది. గోడకి జారగిలబడి నేల మీద కూర్చుండిపోయాడు.

"గేరు తీగ తెగిపోయిందక్కా."

వెనక గేరు తీగ తెగితే చైను వెళ్లి అన్నిటికన్నా చిన్న పళ్ల చక్రం మీద పడుతుంది, అంటే అన్నిటికన్నా బరువు గేరు. ఆపితే మళ్లీ కదలదు, నెమ్మదిగా తొక్కితే మోకాళ్లు పోతాయి, పక్కకు తప్పుకుని వరస చివరికి జారితే మళ్లీ వేగం అందుకోలేడు. ఆ తీగ పీచులు లేస్తోంది, మార్చమని సయా నెల ముందే చెప్పాడట. మార్చేశానని ఆయనతో అబద్ధమాడాడు. ఫ్యాక్టరీల మెషిన్లన్నీ బాగు చేసేవాడు సొంత సైకిలు చూసుకోలేదంటే సిగ్గు. టీ దగ్గర ఆ తీగ గురించే ఆలోచిస్తూ కూర్చున్నాడు. అది తెగాక ఎవరికీ తెలియకూడదని తల వంచుకుని ఇన్యా దాకా తొక్కేశాడు. మా పద్ధతి వాడి బుర్రకి తట్టనే లేదు. సయా కోటిచ్చింది తడిసిపోయానని అనుకున్నాడు. ఆ బ్యాంకు అమ్మాయి చెయ్యి పట్టుకుంటే మాత్రం ఇంకేదో అనుకుని రాత్రంతా మురిసిపోయాడట.

ఆ ముక్క విని నాకు నవ్వొచ్చింది. వాడికీ వచ్చింది. ఇద్దరం నేల మీద కూర్చుని పొట్ట పట్టుకుని నవ్వాం. కరెంటు లేదు, కొవ్వొత్తి వెలుగు. అంతలా నవ్వి ఎన్నాళ్లయిందో. నాకు బతుకు తిరిగొచ్చినట్టే ఉంది. నవ్వు తగ్గాక చూస్తే వాడు సంచీలోకి చూస్తున్నాడు.

"అమ్మ దుద్దులు కూడా ఎట్టీసినావా?"

"అవసరానికి పనికొస్తాయని."

"ఏడిసినావా?"

"వంట సేసినాను. ఏడవడానికి తీరికెక్కడుంది."

వాడు దుద్దుల గుడ్డ మళ్లీ ముడివేసి సంచీలో పెట్టాడు. "అయితే సిద్దమైపోనావన్నమాట," అన్నాడు. కోపంగా కాదు. బరువు దింపుకున్నవాడి గొంతులా ఉంది. నాకప్పుడు అది వేళాకోళంలా వినబడింది. అన్నం తిందువు రా అన్నాను. సంచీ అక్కడే ఉండిపోయింది. పచ్చడి సీసా తీసి వంటింట్లో పెట్టేద్దామని లేచాను గానీ, ఏ వేళప్పుడు ఎవరొచ్చి తలుపు కొడతారో, ఉండనీలే అనుకున్నాను.

ఆ వచ్చే ఆదివారం వాడు కొత్త తీగ వేసుకుని నాతోపాటు సంచౌంగ్‌కి వచ్చాడు. టీ కొట్టు ముందు ఉన్నవాళ్లు వాణ్ణి చూసి పలకరించలేదు. ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. బ్యాంకు అమ్మాయి హెల్మెట్ సరిచేసుకుంటూ అటు తిరిగింది. సంతోషించాల్సింది పోయి ఎవరూ సంతోషించలేదు. వాడు తీగ సంగతి చెప్పి నవ్వించబోయాడు. ఇద్దరు ముగ్గురు నవ్వారు, అంతే. సయా తన కోటు వెనక్కి తీసుకోలేదు. బయలుదేరేముందు నన్ను పక్కకు పిలిచాడు.

"ఒకసారి పంపించేశాం అమ్మా," అన్నాడు బర్మీస్‌లో. "ఈ వారమంతా నేను నిద్రపోలేదు. మళ్లీ అదంతా చేసే ఓపిక నాకు లేదు. వెళ్లేటట్టయితే ఈసారి మాకు తెలియకుండా వెళ్లమను."

ఆయన మీద కూడా నాకు కోపం వచ్చింది. బతికున్న మనిషి ఎదురుగా నిలబడి ఉంటే ఏమిటీ మాట అనుకున్నాను. కానీ దారంతా చూశాను, వాడి చక్రాన్ని ఎవరూ దగ్గరగా పట్టుకోలేదు. రెండు మూడు మూరల ఖాళీ వదిలి తొక్కారు. వాడికీ తెలిసింది. ఆ రోజు టీ దగ్గర వాడు నా గిన్నెలోంచి బజ్జీ లాక్కోలేదు.

ఆ వారం మధ్యలోనే ఒకరోజు కొట్టు నుంచి ఇంటికొస్తే తలుపు పక్కన సంచీ లేదు. సయా కోటు మేకుకి తగిలించి ఉంది. వాడి సైకిల్ గోడకి ఆనించి ఉంది, తుడిచి, నూనె వేసి. పొద్దున్న నేను బయలుదేరేటప్పుడు, ఈ రోజు లేటవుద్దక్కా అన్నాడు. నేను జవాబు కూడా చెప్పలేదు, చీపురు కనబడక వెతుక్కుంటున్నాను. వాడి చివరి మాటకి నా మొహం చీపురు వైపు ఉంది.

ఆ తర్వాతి రోజుల గురించి రాయడానికి ఏమీ లేదు. కొట్టుకి వెళ్లాను, వచ్చాను. వార్డు వాళ్లొస్తే ముందు చెప్పిందే చెప్పాను, ఈసారి నిజమే చెప్పినట్టయింది. చాలా రోజులకి కొత్త నెంబరు నుంచి ఫోనొచ్చింది. బతికున్నాడు. సరిహద్దు అవతల, చేపలు నిలవ చేసే ఐసు ఫ్యాక్టరీలో పని దొరికింది. కాగితాలు లేవు కాబట్టి ఫ్యాక్టరీ గేటు దాటడు. గదిలో అంతా బర్మావాళ్లే ఉన్నారు, అందరితో బర్మీసే. తెలుగు మాట్లాడేది నాతో ఫోన్లోనే అన్నాడు. నేనూ అంతేరా అన్నాను.

సైకిల్ తొక్కడం నేను మానలేదు. మానితే ఆదివారం ఏం చెయ్యాలో తెలియదు. ఇప్పుడు నలుగురం మిగిలాం, వాన ఎక్కువైతే ముగ్గురం. బ్యాంకు అమ్మాయి వెళ్లిపోయింది. ముందు నిలబడకుండానే వెళ్లింది. తిరుగుదారిలో గాలి ఎంత ఉన్నా ఇప్పుడు ముందు ఎవరూ ఉండలేరు. ఎవరైనా కాస్త ఎక్కువసేపు ముందుంటే వెనకవాళ్లకి గుండె దడ. కొంచెం దూరం పోగానే మోచెయ్యి ఆడించి తప్పుకుంటాం. ఇంటికొచ్చేసరికి అందరికీ సమానంగా అలుపు. మేం చేసుకున్న మంచి పద్ధతి మమ్మల్నే తినేసింది అని సయా ఒకసారి అన్నాడు, ఆ తర్వాత ఆ మాట ఎత్తలేదు.

ఇంట్లో నాకు తెలుగు లేదు. పొద్దున్న లేచాక మొదటి మాట పాలవాడితో, బర్మీస్‌లో. అన్నం మాడిపోతే తిట్టుకోవడానికి నోరు తెరుస్తాను, తిట్టు వస్తుంది, గదిలో ఎవరూ ఉండరు. కొన్ని మాటలు మర్చిపోతున్నాను. మొన్న వడియాలు పెట్టే గుడ్డని అమ్మ ఏదో అనేది, ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. వాణ్ణి అడుగుదామని ఫోన్ తీశాను, సిగ్నలు లేదు. నాకు నలభై అయిదు. ఇంకా ఎన్నేళ్లు ఇలా ఉండాలో ఆలోచిస్తే మంచం మీంచి లేవాలనిపించదు. ఎవరైనా వచ్చి ధైర్యం చెబితే చెంప పగలగొట్టాలనిపిస్తుంది. ఇదంతా తెలుగులో రాస్తున్నాను. ఎవరి గురించి రాస్తున్నానో వాడు చదవలేడు.

పోయిన వారం ఫోన్లో వాడు హుషారుగా ఉన్నాడు. ఫ్యాక్టరీ వాళ్లు కొత్త మెషిన్ వాడికి అప్పగించారట. తిన్నావా, తిన్నాను, ఏటి తిన్నావు, ఇవన్నీ అయ్యాక ఉన్నట్టుండి అడిగాను.

"ఒక్క మాట అడుగుతాను, నిజం సెప్పు. ఆ రోజు నాను సంచీ కట్టకపోతే నువ్వు ఉండిపోదువా?"

అటునుంచి మెషిన్ల చప్పుడు వినబడింది.

"ఉండిపోదునక్కా," అన్నాడు. "నువ్వు తట్టుకోలేవని కదా ఉన్నాను. ఆ సంచీ సూసినాక తట్టుకుంటావులే అనుకున్నాను."

"అయితే కట్టడమే మంచిదైంది," అన్నాను.

ఊఁ అన్నాడు. పని ఉందని పెట్టేశాడు.

మంచిదైందని నాకు తెలుసు. ఉండి ఉంటే ఈపాటికి వాడేమయ్యేవాడో, రెండో అంతస్తు గుమ్మంలో ఆ తల్లి మొహం రోజూ మెట్లెక్కుతూ చూస్తున్నాను. అన్నీ తెలుసు. తెలిసీ, వాడు ఉండిపోతే బాగుండేదనే రోజూ అనుకుంటున్నాను.